రెండు గంటల కాపలా

పక్కకు తిప్పే ముందు గొట్టం చూడాలి. మూత్రం సంచిలోకి వెళ్లే ఆ సన్నటి గొట్టం తొడ కింద నలిగిందంటే తెల్లారేసరికి జ్వరం. తర్వాత మోకాలు మడిచి, ఒక చెయ్యి భుజం వెనక, ఇంకో చెయ్యి తుంటి వెనక వేసి, లాగకుండా దొర్లించాలి. వీపుకి ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒక దిండు. యుద్ధంలో వెన్నుకు దెబ్బ తగిలి మా ఆయన ఇంటికి వచ్చి రెండేళ్లయింది. అప్పటి నుంచి వీపు పుళ్లు పడకుండా రెండు గంటలకోసారి ఇదే పని. తిప్పినప్పుడల్లా గోడ మీది క్యాలెండరులో కు, ఎ, వె అని రాస్తాను. కుడి, ఎడమ, వెల్లకిలా. పాప చంకలో ఉన్నప్పుడు రాసిన అక్షరాలు వంకర పోతాయి.

ఆ క్యాలెండరు సైనికుల కుటుంబాలకు సాయం చేసే సంస్థ వాళ్లు వేయించింది. ఈ మంచం, గాలి పరుపు కూడా వాళ్లిచ్చినవే. మంచం వచ్చిన రోజు వాళ్లు తీసిన ఫొటోయే ఈ నెల పేజీ మీద ఉంది. ఆయన భుజం మీద చెయ్యేసి నవ్వుతూ మా మరిది. కింద ‘అన్నకు అండగా తమ్ముడు’ అని పెద్ద అక్షరాలు. నేను అప్పుడు వంటింట్లో టీ పెడుతున్నాను. ఆ నవ్వు కిందే రోజుకు పన్నెండుసార్లు రాస్తున్నాను.

నా భయాలు నాకున్నాయి. పాప ఏ మందు సీసా నోట్లో పెట్టుకుంటుందో, కునుకు పడితే తిప్పే వేళ ఎక్కడ తప్పిపోతుందో, ఆయన వీపు మీద ఎర్రటి మచ్చ ఎప్పుడు లేస్తుందో. స్నానాల గదిలో ఉన్నా చెవి ఇటే. ఒకసారి నడుం పట్టేసిందంటే అత్తయ్య, “రోజంతా ఇంట్లోనే కదమ్మా ఉంటావు, పట్టేయడానికి ఏం మోశావని?” అంది. నేను మోసేది ఆవిడ కొడుకునే. ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానిపించినప్పటి నుంచి మింగడం బాగా అలవాటైంది.

ఈ రోజు మధ్యాహ్నం సంస్థ నుంచి ఒక నర్సు వచ్చింది. నెరిసిన జుట్టు, బిగించి కట్టిన బూట్లు. ఆయన వీపు, తుంటి, మడమలు అన్నీ వేలితో నొక్కి చూసింది.

“రెండేళ్లలో ఒక్క పుండు లేదు. నర్సుని పెట్టుకున్నారా?”

“నర్సెందుకమ్మా, మేమే చూసుకుంటాం,” అంది అత్తయ్య.

నర్సు సంచిలోంచి ఫారం తీసింది. ఇలాంటి ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయట. తిప్పడం తెలియక చాలామందికి పుళ్లు పడుతున్నాయట. ఇంట్లో చేసి చేసి చెయ్యి తిరిగినవాళ్లకు నెల రోజులు శిక్షణ ఇచ్చి, వారానికి మూడు రోజులు ఆ ఇళ్లకు పంపుతారు. జీతం ఉంటుంది. “ఎవరి పేరు రాయమంటారు?”

నేను చంకలో పాపను సర్దుకుని ఒక అడుగు ముందుకు వేశాను.

“మా చిన్నవాడిది రాయమ్మా. ఖాళీగానే ఉన్నాడు,” అంది అత్తయ్య. మరిది జుట్టు సవరించుకున్నాడు. ఇంకో ఫొటో తీస్తారనుకున్నాడేమో.

నర్సు గడియారం చూసింది. “నాలుగైంది. తిప్పే టైమేగా? ఏదీ, తిప్పి చూపించు బాబూ.”

మరిది వెళ్లి అన్న చెయ్యి పట్టుకుని లాగాడు. నడుం అక్కడే ఉండిపోయింది, భుజం మాత్రం లేచింది. ఆయన పళ్లు బిగించారు. గొట్టం తొడ కిందికి పోయింది. “ఏంట్రా, బస్తా అనుకుంటున్నావా,” అన్నారు ఆయన.

నేను పాపను అత్తయ్య చేతుల్లో పెట్టి మరిదిని పక్కకు జరగమన్నాను. గొట్టం, మోకాలు, భుజం, తుంటి. ఆయన సాఫీగా ఎడమకు దొర్లారు. క్యాలెండరులో ‘ఎ’ అని రాశాను.

నర్సు ఆ అక్షరాల వరసంతా చూసింది. తర్వాత ఫారం నాకే ఇచ్చింది.

“అమ్మాయ్, తొమ్మిదో తరగతి కూడా పూర్తి చెయ్యలేదు నువ్వు,” అంది అత్తయ్య. ఆ మాటకు నేను సిద్ధంగానే ఉన్నాను. ఆయన మాటకే సిద్ధంగా లేను.

“నువ్వెళ్తే నన్నెవరు తిప్పుతారు?” అన్నారు, గోడకేసి చూస్తూ.

ఆ గొంతులో బెదిరింపు లేదు, భయమే ఉంది. నాకు తెలిసిన భయమే. ఎప్పటిలాగే ‘సర్లెండి’ అనబోయాను. అంతలో పెళ్లైన కొత్తలో సెలవుకు వచ్చినప్పుడు ఆయన చెప్పింది గుర్తొచ్చింది.

“సరిహద్దులో కాపలా రెండేసి గంటలే అన్నారు కదండీ. రెండు గంటలు కాగానే ఇంకొకడొచ్చి మారాలి, మార్చకపోతే తప్పు కాపలావాడిది కాదు, పై ఆఫీసరుది అన్నారు. నేను రెండేళ్లుగా నిలబడే ఉన్నాను. నన్ను మార్చడానికి ఎవరూ రాలేదు.”

పాప అత్తయ్య ముక్కు పట్టుకుని లాగుతోంది.

ఫారంలో నా పేరు రాశాను, ఇంటిపేరుతో సహా. క్యాలెండరులో ఆరింటికి మరిది, ఎనిమిదింటికి అత్తయ్య, పదింటికి నేను అని రాశాను. ఈసారి అక్షరాలు వంకర పోలేదు.

నర్సు వెళ్లిపోయింది. ఆరు కొట్టేసరికి నేను గుమ్మంలో కూర్చుని పాపకు తల దువ్వుతున్నాను. లోపల మంచం కిర్రుమంది.

“వదినా,” మరిది పిలిచాడు. “వదినా, ఒకసారి రా.”

కాళ్లు వాటంతటవే లేవబోయాయి. పాపను గట్టిగా ఒళ్లోకి లాక్కుని, దాని జడ మళ్లీ మొదటి నుంచి అల్లడం మొదలుపెట్టాను.

కాసేపటికి లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది. “వదిన రాదురా. ముందు ఆ గొట్టం చూడు.”