వాపేనన్నారు

మెత్వల్లీ పుక్కిట పట్టిన నీళ్లను ఉన్ని గలాబియా మీదికి, ఆ పొడుగాటి అంగీ మీదికి ఊదాడు. సగం బట్ట మీద పడ్డాయి, సగం గడ్డం మీద కారాయి. ఒకప్పుడు ఒక్క ఊదుకి మెడ నుంచి అంచుదాకా మంచు పట్టినట్టు తడిసేది. ఇప్పుడు భుజాలు తడిపేసరికే ఊపిరి చాలడం లేదు. గడ్డం తుడుచుకుని, ఎవరైనా చూశారేమోనని వీధివైపు తొంగి చూశాడు.

ఎదురు కాఫీ కొట్టు షౌకీ చూడనే చూశాడు.

“ఏం మేస్త్రీ, నీళ్లు బట్టకా, గడ్డానికా?”

“నీ టీలో కలుపుకుంటావని దాచానులే. పని చూసుకో.”

ఈజిప్టులోని తాంతాలో కాలితో ఇస్త్రీ చేసేవాళ్లు ఇంకా ఉన్నారంటే కుర్రకారు నమ్మరు. పొయ్యి మీద కాల్చిన ఇనప దిమ్మ, దాని మీద చెక్క, చెక్క మీద బూటు విప్పిన కుడికాలు, చేతిలో దిమ్మను తిప్పే పొడుగాటి కడ్డీ. నడుం వంచి, ఒంటికాలి మీద నిలబడి, ఒంటి బరువంతా దాని మీదికి దింపి నెట్టాలి. పల్లెటూరి ఉన్ని గలాబియా అలా తొక్కితేగానీ లొంగదు. అరవై దాటినా మెత్వల్లీ పిక్కలు రాళ్లలా ఉండేవి. ఈమధ్యే సాయంత్రమయ్యేసరికి చీలమండలు ఉబ్బుతున్నాయి. ఊరి దర్గాలో సయ్యద్ బదవీ ఉత్సవం దగ్గరపడింది, బల్ల పక్కన బట్టలు గుట్ట పడ్డాయి.

షౌకీ టీ తెచ్చి పెట్టి గొంతు తగ్గించాడు.

“బిళ్ల వేసుకున్నావా?”

“వేసుకున్నా.”

“ఇన్సాఫ్‌కి ఎప్పుడు చెప్తావు?”

“దానికి చెప్తే కొట్టుకి తాళం వేసి, తాళంచెవి కాలవలో పారేస్తుంది. నువ్వు ఒట్టేశావు షౌకీ.”

“ఏం ఒట్టో ఏమో. నా పీకకి చుట్టుకుంది.”

కొన్నేళ్ల కిందట, అలెగ్జాండ్రియాలో చుట్టాల్ని చూసొస్తానని కూతురు ఇన్సాఫ్‌కి చెప్పి వెళ్లి, అక్కడి ఆసుపత్రిలో గుండెకు స్టెంటు వేయించుకుని వచ్చాడు ఈ పెద్దమనిషి. తోడు వెళ్లింది షౌకీ ఒక్కడే. మొండిఘటం అంటే ఇలాంటివాణ్నే అంటారు. పోనీ, ఆ తండ్రీ కూతుళ్ల మధ్య దాపరికం అదొక్కటే అయినా బాగుండేది.

మధ్యాహ్నం ఇన్సాఫ్ బడి నుంచి నేరుగా వచ్చింది. చిన్నపిల్లలకు లెక్కలు చెప్పే మనిషి, నడకలోనూ తొందరే. తండ్రిని రెండో ఇంజెక్షనుకు తీసుకెళ్లాలి.

“మొహం కడుక్కో నాన్నా. డాక్టరమ్మ చూసి దడుచుకుంటుంది.”

“వాపుకి మొహం ఎందుకే కడుక్కోవడం?”

ఆమె నవ్వి చూపు తిప్పేసుకుంది. అది వాపు కాదు, ప్రొస్టేట్ గ్రంథిలో క్యాన్సరు. తల్లికి క్యాన్సరు వచ్చినప్పుడు ఒక డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఆవిడ ఆ రోజే గోడవైపు తిరిగి పడుకుంది, మళ్లీ ఇటు తిరగలేదు. అందుకే ఇన్సాఫ్ డాక్టర్ మాగ్దా చేతులు పట్టుకుని బతిమాలింది, మా నాన్నకి వయసుతో వచ్చే వాపని చెప్పండి, ఆ మాట మాత్రం అనకండి అని. ఆ క్యాన్సరుకు మేత మగ హార్మోను. దాన్ని అణచడానికి మూడు నెలలకొక ఇంజెక్షను మొదలుపెట్టారు. గుండె జబ్బేమైనా ఉందా అని డాక్టరు మొదటి రోజే అడిగింది. “మా నాన్నకా? అంత ఇనుమును కాలితో నెట్టే మనిషండీ,” అంది ఇన్సాఫ్. అబద్ధం కాదు పాపం, ఆమెకు తెలిసింది అదే.

ఈసారి డాక్టర్ మాగ్దా కూతుర్ని అడగలేదు. మెట్లెక్కి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డ మెత్వల్లీని చూసింది. కూర్చోబెట్టి చీలమండ నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

“హాజీ, సూటిగా చెప్పండి. గుండెకు ఎప్పుడైనా ఏమైనా అయిందా? ఈ రకం మందులన్నీ గుండె మీద కాస్తో కూస్తో బరువు వేసేవే. జబ్బున్న గుండెకైతే నేను ఇది ఇవ్వను. నెలనెలా వేసుకునేది ఇంకోటుంది, అది కొంత నయమని మా ఆలోచన. అదైనా గుండె డాక్టరుకు చూపించాకే.”

మెత్వల్లీకి మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కనే కూతురు సంచీ పట్టీ బిగించి పట్టుకుని నిలబడి ఉంది. అతను లోలోపల తూచుకున్నాడు. ఒకవైపు కొట్టు, కాలికింద వేడి దిమ్మ, ఎవరి ముందూ చేయి చాచని బతుకు. ఇంకోవైపు ఏముంది? ముసలివాళ్లందరికీ వచ్చే వాపు. ఇంజెక్షను వద్దంటే ఎందుకంటారు, ఎందుకో చెప్పాలి. చిన్న రోగానికి వేసే మందు మనిషినేం చేస్తుంది, డాక్టర్లు ఊరికే భయపెడతారు. ఆ రెండో పళ్లెంలో అసలు బరువు ఎవరూ వేయలేదని అతనికేం తెలుసు?

“ఏమీ లేదమ్మా. రోజంతా నిలబడితే మీ కాళ్లూ ఉబ్బుతాయి.”

“అయినా ఈసీజీ తీద్దాం.”

“ఉత్సవం అయ్యాక వస్తా. బట్టలు గుట్ట పడున్నాయి.”

“ఇంజెక్షను ఆలస్యం కాకూడదు కదండీ,” అంది ఇన్సాఫ్ తడబడుతూ. “ఆ పరీక్షకి వచ్చేవారం నేనే తీసుకొస్తాను.”

డాక్టరు ఇద్దరి మొహాలూ చూసింది. ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు. ఇంజెక్షను వేశారు.

తిరిగి వస్తూ ఇన్సాఫ్ వేయించిన శనగలు కొంది. తండ్రి పొట్లం పట్టుకుని ఆగాడు.

“ఇన్సాఫ్.”

“ఏంటి నాన్నా?”

“ఏం లేదు. మీ అమ్మకి ఇవంటే ఇష్టం.”

సాయంత్రం మళ్లీ దిమ్మ కాల్చి రెండు గలాబియాలు తొక్కాడు. మూడోదానికి నీళ్లు పుక్కిట పట్టి, ఊదకుండా మింగేసి, బల్ల అంచున కూర్చున్నాడు. అలసిపోయాడు కాబోలనుకున్నాడు షౌకీ. ఖాళీ గ్లాసు కోసం వచ్చేసరికి మెత్వల్లీ తల గోడకు ఆని ఉంది. పిలిస్తే పలకలేదు. నలుగురూ పోగై ఆసుపత్రికి మోసుకెళ్లారు. గుండె ఆగి అప్పటికే పోయాడన్నారు.

కబురందుకుని పరుగెత్తుకొచ్చిన ఇన్సాఫ్‌ని ఆసుపత్రి వసారాలో షౌకీ అడిగాడు, “మధ్యాహ్నం ఎక్కడికి తీసుకెళ్లావమ్మా?”

“ఇంజెక్షనుకి బాబాయ్.” ఇక దాచి ఏం లాభం. “నాన్నకి క్యాన్సరు. గుండెకి మంచిది కాదంటూనే వేశారు. నాన్న గుండెకేం, బాగానే ఉంది కదా.”

షౌకీ అన్నాడు, “వాడి గుండెలో స్టెంటుంది తల్లీ. నాతో ఒట్టు వేయించుకున్నాడు.”

“ఎవరి గుండెలో?” అంది ఇన్సాఫ్.

ఆమె మళ్లీ అడిగింది, “ఎవరి గుండెలో బాబాయ్?” అని. పిల్లలకు రోజూ లెక్కలు చెప్పే మనిషికి ఆ ఒక్క లెక్క తేలడానికి చాలాసేపు పట్టింది. తేలాక సంచీలోంచి ఫోను తీసి డాక్టరుకు కలిపింది.

ఇంజెక్షనే ప్రాణం తీసిందని డాక్టర్ మాగ్దా అనలేదు. “అలా చెప్పలేనమ్మా. ఆ గుండె ఎలాగైనా ఆగేదేమో. తెలిసుంటే మాత్రం నేను ఇది ఇచ్చేదాన్ని కాదు,” అంది ఫోనులో. క్యాన్సరని తను నాన్నకి చెప్పి ఉంటే నాన్న కూడా స్టెంటు సంగతి చెప్పేవాడు. ఇన్సాఫ్‌కి అది నిప్పులా తగిలింది.

ఖననం అయిన మర్నాడు కొట్టు మూయడానికి వెళ్లింది. ఆసుపత్రివాళ్లు ఒక్క ఎడమకాలి బూటే ఇచ్చారు. కుడిది బల్లకింద గోడవైపు తిరిగి ఉంది. ఎత్తితే లోపల ఏదో గరగరలాడింది. వేళ్లుండే చోట గుండె మాత్రల షీటు, సగం ఖాళీ, చనిపోయిన రోజుదాకా ఒక్కటీ మానకుండా వేసుకున్నట్టుంది. రోజంతా విప్పి పక్కన పెట్టేదే కాబట్టి ఆ బూటు అడుగు అరగనే లేదు, కొన్ననాటి సైజు నంబరు ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది.