కొట్టం వెనక విన్నది

అంకారావు సన్నాయి కచేరీలకు పోతాడంటే ప్రత్తిపాడులో కొత్తవాళ్ళు నమ్మరు. పలకరించినా నోరు పెగలని మనిషి. పదిమందిలో నాలుగు మాటలు ఆడాడంటే ఆ రోజు ఏదో విశేషం జరిగిందన్నమాటే. అలాంటివాడు ఏడాదికి రెండు మూడుసార్లు, గుంటూరులోనో చీరాలలోనో సన్నాయి ఉందని తెలిస్తే చాలు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బస్సెక్కుతాడు. ముందు వరుసలో కూర్చుంటాడు. తల ఊపడు, చప్పట్లు కొట్టడు. అయిపోగానే లేచి వచ్చేస్తాడు.

"దొరికిందా?" అని అడుగుతుంది భార్య వెంకటేశ్వరమ్మ, అన్నం వడ్డిస్తూ.

"లేదు," అంటాడు.

దొరకనిది ఒక పాట. పందొమ్మిదేళ్ళ వయసులో మేనమామ కూతురి పెళ్ళికి పర్చూరు వెళ్ళినప్పుడు విన్నాడు. తెల్లవారుతోంది. నీళ్ళ బిందె భుజాన పెట్టుకుని వంటల దగ్గరికి పోతుంటే గొడ్ల కొట్టం వెనక సన్నాయి వినిపించింది. పత్తి కుక్కిన గోనె బోరెం మీద ఒకాయన కూర్చుని, ఎడమ కన్ను మూసుకుని వాయిస్తున్నాడు. డోలు లేదు, పక్కన ఇంకెవరూ లేరు. ఆ పాట నాలుగు మెట్లు ఎక్కి ఆగింది. ఎవరినో ఏదో అడిగినట్టు పక్కకి తిరిగింది. తర్వాత నింపాదిగా కిందికి దిగింది. కట్టేసిన దూడ కూడా చెవులు నిక్కించింది. అంకారావు బిందె దించకుండా నిలబడిపోయాడు. నీళ్ళు తొణికి వీపు తడిసినా తెలియలేదు.

"ఒరేయ్, నీళ్ళు తెమ్మంటే శిలావిగ్రహంలా నిలబడ్డావేందిరా? అవతల ఎసరు మరిగిపోతంది," అని మేనమామ కేకేశాడు.

బిందె ఇచ్చి పరుగున వచ్చేసరికి ఆయన లేడు, పందిట్లోకి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా అంకారావు పందిరి రాట పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఎన్నో వాయించాడు. అది మాత్రం వాయించలేదు.

అప్పటినుంచి వెతుకులాట. దాని పేరు తెలియదు, వాయించినాయన ఎవరో అడగడానికి ఆ రోజు నోరు రాలేదు. తెలిసినవాళ్ళని అడగాలంటే పాడి వినిపించాలి. పాడటం కంటే బావిలో దూకడం నయం అనుకునే మనిషాయె. మిరపతోటకు నీళ్ళు పెట్టేటప్పుడు, మందు కొట్టేటప్పుడు ముక్కుతో అనుకోవడం తప్ప పైకి ఏనాడూ అనలేదు. అలా నలభై రెండేళ్ళు గడిచాయి.

ఈ మాఘమాసంలో చీరాల కల్యాణమండపంలో మూడు రోజులు సంగీతోత్సవాలు పెట్టారు. రెండో రోజు సాయంత్రం ఐదింటికి గౌస్ బాషా గారి సన్నాయి. మిరప కోతలు ముమ్మరంగా ఉన్నాయి. అంకారావు చొక్కా ఇస్త్రీకి ఇవ్వడం చూసింది వెంకటేశ్వరమ్మ.

"కోతకి మనుషులు దొరక్క నేను ఇల్లిల్లూ తిరుగుతుంటే నీకు కచేరీలా?"

అంకారావు బస్సు చార్జీకి చిల్లర లెక్కపెట్టుకున్నాడు.

"ఈసారి నేనూ వస్తా పద. ఇన్నేళ్ళ నుంచి వెంటబడ్డావు, ఆ సవతి ఎట్టా ఉంటదో నేనూ చూడాలి."

కోత పనంతా కూలికొచ్చే పున్నమ్మకి అప్పజెప్పి ఇద్దరూ బయల్దేరారు. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే బస్సు ఆ రోజు వేళకే వచ్చింది. మండపం చేరేసరికి నాలుగే అయింది. కుర్చీలు ఇంకా వేస్తున్నారు. కాళ్ళు కడుక్కుందామని వెంకటేశ్వరమ్మ మండపం వెనక కుళాయి దగ్గరికి నడిచింది. అంకారావు వెంట వెళ్ళాడు.

కుళాయి తిప్పబోతూ ఆగిపోయాడు. పక్క గదిలోంచి సన్నాయి. అతను వెతికే పాట కాదది. కానీ దాని తోబుట్టువులా ఉంది. డోలు లేదు. నాలుగు మెట్లు ఎక్కింది, ఆగింది, మళ్ళీ మొదలైంది. చెయ్యి కుళాయి మీద అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ తను వేదిక ముందు కూర్చుని చూశాడు. అది వేదిక మీదికి వచ్చేదేనా అసలు?

గది తలుపు తీసే ఉంది. లోపల చాప మీద గౌస్ బాషా, యాభై దాటిన మనిషి, సన్నాయి కొసన పెట్టే చిన్న పీకను తీసి నీళ్ళలో ముంచి చూసుకుంటున్నాడు. గోడవారన డోలు వాయించే ఆయన వేళ్ళకు తొడుగులు వేసుకుంటున్నాడు.

"ఎవరు కావాలండి?" అన్నాడు గౌస్ బాషా.

అంకారావు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మీరిప్పుడు వాయించింది ఏం పాటో కనుక్కోవాలని వచ్చాడండి మా ఆయన," అంది వెంకటేశ్వరమ్మ. "ఆయనకి చెవులే గాని నోరు లేదులెండి."

గౌస్ బాషా నవ్వాడు. "పాట కాదమ్మా. పీక పలుకుతుందా లేదా అని చూసుకుంటున్నా. ఎండకొక రకంగా ఉంటది, మంచుకొక రకంగా ఉంటది. వాయించే ముందు నాలుగు ముక్కలు పలికించి చూస్తాం. ఒక్కొక్కరిది ఒక్కో తీరు."

అంకారావు గొంతు సవరించుకున్నాడు. "పర్చూరులో... నలభై రెండేళ్ళ కింద. పెళ్ళిలో. ఒకాయన ఎడమ కన్ను మూసుకుని వాయిస్తన్నాడు."

గౌస్ బాషా పీకను గుడ్డ మీద పెట్టేశాడు. "మా నాన్నండి. పీక చూసుకునేటప్పుడే ఆ కన్ను మూసేవాడు. పందిట్లో రెండు కళ్ళూ తెరిచే వాయించేవాడు."

"అది వినాలండి."

గౌస్ బాషా తల అడ్డంగా ఊపాడు. "నాకు రాదండి. చిన్నప్పుడు రోజూ పొద్దున్నే విన్నదే. రోజూ వినేదాన్ని ఎవరు పట్టుకుంటారు? నాన్న కచేరీలు క్యాసెట్లున్నాయి. పీక చూసుకోవడం ఎవరు రికార్డు చేస్తారు చెప్పండి? ఆయన పోయి పద్దెనిమిదేళ్ళు. అదీ ఆయనతోనే పోయింది." పీకను మళ్ళీ చేతిలోకి తీసుకుని, "మీకు గుర్తుంటే అనండి, పట్టుకుంటా," అన్నాడు.

అంకారావు చూపు చాప అంచు మీద నిలిచిపోయింది. నోరు తెరవకపోతే ఇక ఎప్పటికీ వినేది లేదని తెలుసు. తెలిసినా గొంతు లేవలేదు.

"నేనంటా ఆగండి," అంది వెంకటేశ్వరమ్మ. "మందు కొట్టేటప్పుడు ముక్కుతో అంటానే ఉంటాడు. విని విని నా చెవులు కాయలు కాశాయి." కొంగు సర్దుకుని పాట ఎత్తుకుంది. నాలుగు మెట్లూ ఎక్కి, తిన్నగా దిగిపోయింది.

"అట్టా కాదే," అన్నాడు అంకారావు.

"మరెట్టా?"

"అక్కడ దిగదు. ఆగుద్ది."

"ఆగాగా."

"ఆగి పక్కకి తిరుగుద్ది."

"ఎటు పక్కకి? తూర్పుకా, పడమరకా?"

అంకారావుకి ఒళ్ళు మండింది. ఆ మంటలోనే అందుకున్నాడు. మొదట గొంతు జీరపోయింది. రెండోసారికి ముక్కులోంచి నోట్లోకి వచ్చింది. మూడోసారికి డోలాయన చేతులు కదపకుండా వింటున్నాడు. గౌస్ బాషా వట్టి పీక నోట్లో పెట్టుకుని మేకపిల్ల అరిచినట్టు ఒకసారి పలికించాడు. దాన్ని సన్నాయికి తొడిగి వాయించాడు.

నాలుగు మెట్లు ఎక్కి, ఆగి, పక్కకి తిరిగి, దిగడం మొదలుపెట్టి గౌస్ బాషా సన్నాయి దించేశాడు.

"ఇక్కడిదాకా మా నాన్న. వింటుంటే మా పెరడు కనపడింది నాకు, వేపపుల్ల నములుతూ మా అమ్మా కనపడింది." కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ తర్వాత మీరన్నది మాత్రం ఆయనది కాదండి. పీక చూసుకోడానికి ఎవరూ అంత ఊపిరి ఖర్చుపెట్టరు. ఆ దిగేదంతా మీరు కలిపింది."

"నేనేం కలపలా," అన్నాడు అంకారావు బెదిరిపోయి.

"కలిపారు. బాగుంది కూడా." ఈసారి మొదటినుంచి చివరిదాకా, అంకారావు కలిపిన ముక్కతో సహా వాయించాడు.

అంకారావు గోడకు వీపు ఆనించి విన్నాడు. తను ఎప్పుడు కలిపాడో, ఏ చేలో కలిపాడో ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. వెంకటేశ్వరమ్మ అతని ముఖంలోకి చూసింది.

కచేరీలో ఇద్దరూ ఫ్యాను కింద కూర్చున్నారు. అంకారావుకి దేనికోసమూ ఎదురుచూసే పని లేకపోయింది. ఇన్నేళ్ళూ అడ్డం వచ్చే మోతగా భరించిన డోలు, ఆ రోజు సన్నాయితో మాట్లాడుతున్నట్టు వినపడింది. సన్నాయి ఒకటంటే డోలు ఇంకొకటంటోంది, రెండూ ఒకచోటికే వస్తున్నాయి. మూడో పాట నడుమ సన్నాయి ఒక చోట జారి, పడబోయి, నిలదొక్కుకుంది. అంకారావు కుర్చీలో ముందుకు వంగాడు.

మర్నాడు పొద్దున మిరప చేలో కాయలు కోస్తూ ఏదో పాడుతున్నాడు. ముక్కుతో కాదు, నోటితోనే.

"ఏందమ్మో, బాబాయికి గొంతు లేచింది," అంది పున్నమ్మ పక్క సాలులోంచి. కోసేవాళ్ళంతా నవ్వారు. అంకారావు ఆపలేదు.

వెంకటేశ్వరమ్మ చెవి ఒగ్గింది. "ఇది పాతది కాదే."

"మూడో పాటలోది. నడుమ ఒక ముక్క గుర్తుకు రాకుండా జారిపోయింది."

"అయితే?"

"శుక్రవారం ఒంగోల్లో ఉందంట ఆయన కచేరీ."

వెంకటేశ్వరమ్మ నిండిన గోతాన్ని గట్టు మీదికి ఈడ్చింది. "గురువారానికి ఈ మడి కోత తేలాలి మరి. పాడుకుంటూ కోయి, చేతులు ఆపబాక."