పెదవుల మీది భజన

నాచారం శివాలయంలో భజన అంటే సంతోషి గొంతే. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని ముగించుకుని, ఇంటికి వచ్చి స్నానం చేసి, సోమవారం సోమవారం గుడికి పోయేది. ఆమె ఎత్తుకుంటే చాలు, మిగతావాళ్లు అందుకునేవాళ్లు. జనగామ దిక్కు నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఎవరూ పలకరించని ఆ బస్తీలో, ఆమెను మనిషిగా నిలబెట్టింది ఆ పాటే.

ఉప్పల్‌లో మెట్రో పిల్లర్లు లేస్తున్న ఏడాది ఆమె మెడ మీద గడ్డ కనబడింది. పరీక్షలన్నీ అయ్యాక దవాఖానాలో డాక్టరమ్మ దంపతులిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"థైరాయిడ్ గడ్డమ్మా. తీయాల్సిందే. కాని అది గొంతు నరానికి ఆనుకుని ఉంది. ఆపరేషన్ తర్వాత మాట పోవచ్చు. మళ్లీ ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేను."

బయటికి వచ్చాక సంతోషి భర్త దయాకర్ బండి తీయలేదు. హ్యాండిల్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఇన్నేండ్లు ఆయన పేరే పాడినవు. ఆయనకు నీ గొంతే దొరికిందా?" అన్నాడు.

"గట్లనకు. పాడిపిచ్చుకున్నది ఆయనే. ఏం జేస్తడో ఆయనకెరుక."

"నీకు భయమైతలేదా?"

"ఎందుకు గాదు? అయితాంది. అందుకే ఆయన్ని గట్టిగ పట్టుకున్న. జర జల్దీ పోనియ్యి, ఇయ్యాల సోమవారం."

ఆ సాయంత్రం ఆమె ఎప్పటికన్నా ఎక్కువసేపు పాడింది. అత్త కౌసల్యమ్మ దగ్గరికి జరిగి, "గొంతుకు జర ఆరాం ఇయ్యి బిడ్డా" అంది. సంతోషి నవ్వి ఇంకో పాట ఎత్తుకుంది. ఆపరేషన్ రోజు స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే కూడా సన్నగా పాడుకుంటూనే లోపలికి పోయింది. నర్సు వద్దనలేదు.

గడ్డను మొత్తం తీసేశారు. అది చెడ్డ జబ్బు కాదని కూడా తేలింది. మాట మాత్రం పోయింది. నోరు తెరిస్తే గాలే వచ్చేది.

ఇంటికి వచ్చిన మొదట్లో ఒకనాడు దీపం వెలిగించి, అలవాటు కొద్దీ పాట ఎత్తుకోబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లతోనే చేతులు జోడించి, మనసులోనే పాట మొదటి నుంచి చివరి దాకా పాడుకుంది. పాట అయ్యేసరికి గుండె కుదుటపడింది. వినేవాడు విన్నాడు అనిపించింది. ఆ నమ్మకంతోనే వంటింట్లోకి పోయి బియ్యం కడిగింది.

ఆమె పెదవులు చూసి మాట పట్టుకోవడం దయాకర్‌కు మెల్లగా అలవాటైంది. "ఉప్పు" అంటుందా "పప్పు" అంటుందా అని మొదట తికమక పడ్డా, పోనుపోను ఒక్క ముక్క కూడా తప్పేది కాదు.

మెడ గాయం మానాక, ఒక సోమవారం ఆమె భజన తాళాలు తీసుకుని గుడికి బయల్దేరింది. దయాకర్ వెంట వచ్చాడు. గుడిలో అందరూ కూర్చున్నారు గాని ఎవరూ మొదలుపెట్టలేదు. డోలక్ వాయించే మహిపాల్ మెల్లగా అడిగాడు.

"అక్కా, నువ్వెత్తకుంటే ఇగ ఎవరెత్తాలె?"

సంతోషి తాళం వేసి పెదవులు కదిపింది. ఎవరికీ అర్థం కాలేదు. ఆమె ఆపలేదు, మళ్లీ అదే చరణం. వెనక స్తంభానికి ఆనుకుని చూస్తున్న దయాకర్‌కు ప్రతి అక్షరమూ తెలుస్తోంది. కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత వచ్చి ఆమెకు ఎదురుగా కూర్చుని, ఆ పెదవుల మీది మాటల్ని గట్టిగా పైకి అన్నాడు. రాగం లేదు, శ్రుతి లేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. కాని మహిపాల్ డోలక్ అందుకున్నాడు, ఆ వెంటే అందరూ అందుకున్నారు. రెండో చరణానికి దయాకర్ కళ్లు తుడుచుకుని మళ్లీ పాడాడు. అప్పటి నుంచీ ప్రతి సోమవారం ఆమె పెదవులు కదిపితే అతను పాడేవాడు.

శివరాత్రి దాటి ఎండలు ముదిరాయి. ఒక పొద్దున సంతోషి బస్‌స్టాపుకు చేరేలోపే బస్సు కదిలింది. ఆమె పరిగెత్తుతూ అరిచింది.

"ఓ అన్నా, ఆపూ!"

బస్సు ఆగింది. కండక్టరు తల బయటపెట్టి, "జర మెల్లగ ఎక్కమ్మా" అన్నాడు. ఆమె మాత్రం రోడ్డు మీదే నిలబడిపోయింది. ఆ కేక తనదే! గొంతు పట్టుకుని చూసుకుంది. "శివయ్యా" అంది. వినబడింది. బస్సెక్కి, ఏడుస్తూ నవ్వుతూ దయాకర్‌కు ఫోను చేసింది.

"ఎవరు?" అన్నాడతను, వర్క్‌షాపు మోతలో.

"నేనేనయ్యా!"

అవతల మిషన్ చప్పుడు ఆగింది. తర్వాత అతని గొంతు, "ఇంకోసారి అను" అంది.

ఆ తర్వాతి సోమవారం ఆమె మళ్లీ పాట ఎత్తుకుంది. గొంతు మునుపటంత పైకి పోలేదు. జీర మిగిలింది. మహిపాల్ "కింది శ్రుతిలనే పాడదాం అక్కా" అంటే అందరూ కిందికే దిగారు. పక్కన కూర్చున్న దయాకర్ ఎప్పటిలాగే శ్రుతి తప్పి, గట్టిగా పాడుతున్నాడు.

"నీకు గొంతొచ్చింది గదా, ఇగ వాన్ని ఆపుమను బిడ్డా" అని కౌసల్యమ్మ కోడలి చెవిలో గొణిగింది.

"పాడనియ్యి అత్తమ్మా" అంది సంతోషి తాళం ఆపకుండానే. "మంచిగ పాడుతుండు."