బ్రేకుల గొళ్ళెం

"ఆ సన్నముక్కు ట్రాక్టరు ఏదో రోజు వాలులో నీ ప్రాణం మీదికి తెస్తుంది. ముందు చక్రాలు ఎడంగా ఉండేది కొనవయ్యా," అంది సెల్మా, మొగుడికి కాఫీ పోస్తూ.

"ఎడంగా ఉంటే మొక్కజొన్న మీద ఎక్కించనా? రెండూ దగ్గరగా ఉంటేనే సాళ్ళ మధ్య దూరతాయి. నీకెందుకు ఇవన్నీ?"

"నాకెందుకులే. విధవనయ్యాక ఆలోచిస్తా."

ఆర్లిన్‌కు ఒళ్ళు మండింది. "చేను మొత్తం కలుపు తీసేదాకా తిండికి రాను. పిలవొద్దు, వెతకొద్దు," అని విసురుగా పోయాడు.

ఆ పౌరుషం మధ్యాహ్నం దాకా నిలిచింది. కడుపు కాలేసరికి బండి ఇంటివైపు తిప్పాడు. సాళ్ళ చివర చటుక్కున మళ్ళడానికి కుడి, ఎడమ బ్రేకులను విడివిడిగా తొక్కుతారు. రోడ్డెక్కే ముందు రెండింటినీ కలిపి గొళ్ళెం పెట్టాలి. అమెరికాలో, ఈ అయోవా పల్లెల్లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి, ఈ పెద్దమనిషి మరిచాడు. వాలులో వేగం హెచ్చి బ్రేకు తొక్కితే ఒక్క చక్రమే పట్టుకుంది. బండి గిర్రున తిరిగి, పక్కకు ఒరిగి, అతణ్ణి రోడ్డుపక్క కాలవలో పడేసి కాలి మీద కూర్చుంది.

కదిలితే ప్రాణం పోతోంది. పెట్రోలు చొక్కా మీద బొట్లుబొట్లుగా పడుతోంది. ఇంటి కప్పు కనబడుతూనే ఉంది. అరిచాడు, కానీ ఎదురుగాలి. సెల్మా రాదు. రావద్దన్నది తనే. చిన్నప్పుడు కూడా ఎరగనంత భయం వేసింది.

చాలాసేపటికి సెల్మా వచ్చింది, చేతిలో కంచె గుంజతో, పొరుగింటి ఎల్డన్‌ను వెంటబెట్టుకుని.

"వెతకొద్దన్నాగా," అన్నాడు ఏడుపు గొంతుతో.

"వెతకలేదు. ఇంజను మోత ఇంటివైపు వస్తూ వస్తూ ఆగిపోయింది. పొద్దస్తమానం నీ బండిని వినడమేగా నా బతుకు. మేం ఎత్తుతాం, కాలు లాక్కో."

కాలు దక్కింది గానీ చీలమండ బిగుసుకుపోయింది. ఇక అది బ్రేకు తొక్కదు. మరుసటి జూన్‌లోనూ అదే సన్నముక్కు బండి. కలుపు తీసే గుంటక, కంకులు కోసే యంత్రం, అన్నీ దానికి బిగించేవే. అన్నీ మార్చడం వాళ్ళ తరం కాదు. నడిపేది మాత్రం సెల్మా.

ఆర్లిన్ వంటింట్లో కూర్చుని బంగాళదుంపల తొక్క తీస్తుంటాడు. మధ్యాహ్నం మోత చేను దాటి వాలు వైపు మళ్ళగానే చేతిలో కత్తి ఆగిపోతుంది. గొళ్ళెం చప్పుడు అంత దూరం వినపడదని తెలుసు. అయినా చెవులు రిక్కించి, బండి పెరట్లోకి వచ్చేదాకా వింటూనే ఉంటాడు.

ఆమె గుమ్మంలోకి వచ్చాక మాత్రం, "దుంపలింకా ఉడకలేదు," అని విసుక్కుంటాడు.