కరస్పాండెంటు గారికి తగిన మాట

సుభాషిణి కోట అనే ఊళ్లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకోవాలని ఆమె పట్టుదల. దాని ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు పేపరు ఉంటుంది. ఎవరూ మాట్లాడని మాటలకు అర్థాలు అడుగుతారు.

ఈ సంగతి కాలేజీ కరస్పాండెంటు మాల్యాద్రి చెవిన పడింది. ఆయనకు రొయ్యల గుంటలున్నాయి. ఎంత మేత వేస్తే ఎన్నాళ్లకు రొయ్య చేతికొస్తుందో ఆయనకు బాగా తెలుసు. ఆ పద్ధతే ఇక్కడా పెట్టి, మూడు వేల ఇంగ్లీషు మాటలు అచ్చువేయించి పంచారు. రోజుకు యాభై. మర్నాడు పొద్దున పరీక్ష. తప్పిన మాట ఇరవై సార్లు రాయాలి.

పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా క్లాసులు, స్టడీ అవర్లు, రికార్డులు. "మాటలు ఎప్పుడు చదవాలి సార్?" అని సుభాషిణి అడిగితే, ఇంగ్లీషు లెక్చరర్ కామాక్షయ్య "ఖాళీ టైములో" అని బోర్డు వైపు తిరిగారు.

ఆమెకు దొరికిన ఖాళీ షేర్ ఆటోలో నలభై నిమిషాలు. తల్లి నాగులమ్మ కూడా చేపల గంపతో అదే ఆటోలో కోట మార్కెట్టుకు వచ్చేది.

"ఏందిమ్మే, పెదాలాడిస్తా ఉండావు? మొక్కుకుంటా ఉండావా?"

"ఇంగ్లీషు మాటలమ్మా. ఎన్నిసార్లు చదివినా నిలవడంలా."

"ఒక్కో మాటకీ తగిన మనిషి ఎవురో చూసుకో. మనిషి గుర్తుంటే మాట గుర్తుంటాది."

ఆ రోజు నుంచి సుభాషిణి ప్రతి మాట పక్కనా ఒక పేరు రాసుకుంది. గార్యులస్, వాగుడుకాయ: ఆటో గిరిబాబు. ఆబ్‌స్టినేట్, మొండి: నాన్న. టిమిడ్, పిరికి: కామాక్షయ్య సార్. పాంపస్ అంటే డాబు కొట్టే మనిషి; అక్కడ మాత్రం అర్థం రాయకుండానే మాల్యాద్రి సార్ పేరు రాసేసింది. నెల తిరక్కుండా యాభైకి యాభై రావడం మొదలైంది.

అంత బాగా చదివే పిల్ల నోట్సు ఎలా ఉంటుందో చూద్దామని మాల్యాద్రి ఒకరోజు క్లాసుకు వచ్చారు. పేజీలు తిప్పుతూ తన పేరు దగ్గర ఆగారు.

"కామాక్షయ్యా, ఈ పాంపస్ అంటే ఏందయ్యా?"

కామాక్షయ్య ముందుగా ఆ పేజీలోనే తన పేరు చూసుకున్నారు.

"హుందాగా ఉండే పెద్దమనిషి అని సార్" అన్నారు కామాక్షయ్య.

మాల్యాద్రి సుభాషిణి తల నిమిరి వెళ్లారు.

కాలేజీ వార్షికోత్సవానికి రెండు రోజుల ముందు గేటు మీద పెద్ద ఫ్లెక్సీ లేచింది. మాల్యాద్రి నమస్కరిస్తున్న ఫొటో, దాని కింద ఇంగ్లీషులో 'మా పాంపస్ కరస్పాండెంటు' అని అక్షరాలు. ఆ మాటను ఇరవై సార్లు రాసిన పిల్లలు కూడా దాని కిందుగానే నడిచి లోపలికి పోయారు. ఒక్కరూ తలెత్తలేదు.

సుభాషిణికి మొదట నవ్వొచ్చింది. తర్వాత, ఊరందరి ముందూ ఆయన నవ్వులపాలవుతారేమోనని మనసు ఊరుకోలేదు. కామాక్షయ్య దగ్గరికి వెళ్లింది.

"అచ్చుకు ముందు మీరు చూసినారంట గదా సార్?"

"స్పెల్లింగు చూడమన్నారు పాపా. స్పెల్లింగు కరెక్టే" అన్నారాయన.

చివరికి తనే ఆఫీసు గదికి వెళ్లి, తప్పు తనదేనని ఒప్పుకుని, ఆ మాటకు అసలు అర్థం చెప్పింది. మాల్యాద్రి కోప్పడలేదు. కామాక్షయ్యను పిలిపించి అడిగారు.

"రెండర్థాలూ ఉండాయి సార్" అన్నారు కామాక్షయ్య నేల చూస్తూ.

"చూసినావా పాపా. మంచి అర్థమే మనది" అన్నారు మాల్యాద్రి.

వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా రిటైర్డ్ హెడ్మాస్టర్ రూఫస్ వచ్చారు. మైకు అందుకుని, ఫ్లెక్సీ మీది మాట నిదానంగా చదివారు. "ముప్పై ఏళ్ల సర్వీసులో ఎన్నో బళ్లు, కాలేజీలు చూసినాను. ఉన్నదున్నట్టు రాసుకున్న కాలేజీ ఇదొక్కటే" అన్నారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మాల్యాద్రి. రెండో వరుసలో సుభాషిణి తల దించుకుంది.

ప్రవేశ పరీక్షలో ఆ మూడు వేలలో వచ్చినవి నాలుగు మాటలు. మిగతాదంతా పేరాలు చదివి జవాబులు రాయడమే. ఆటోలో చదివిన అలవాటు వల్ల అంత గోలలోనూ సుభాషిణి వాటిని నిలకడగా చదవగలిగింది. సీటు వచ్చింది.

ఆ కబురు చెప్పడానికి మార్కెట్టుకు వెళ్లేసరికి నాగులమ్మ వంజరం ముక్కలు కోస్తోంది. విని, కత్తి పక్కన పెట్టి, కూతురి ముఖంలోకి చూసింది.

"ఆ హాస్టల్లో చేపలు పెడతారా?"

"తెలీదమ్మా."

"కనుక్కో మరి" అంది నాగులమ్మ, కళ్లు తుడుచుకుంటూ.