రాతల రాయిదాకా ఎన్ని అడుగులు

జెల్యాజ్కో కడుపుమంటంతా స్తానిమిరా టీచరమ్మ మీదే. పదేళ్ల వెధవ బడి ఎగ్గొట్టి ఏటికి పోతుంటే చెవి పట్టుకుని లాక్కెళ్లని మనిషి ఏం పంతులమ్మ?

ఆ రోజు ఆవిడ నాలుగో తరగతి పిల్లల్ని ఊరి బయట సమాధి దిబ్బ దగ్గరికీ, అక్కణ్ణించి రోమన్ల నాటి రాతల రాయి దగ్గరికీ నడిపించుకెళ్లింది. దిబ్బ నుంచి రాయిదాకా ఒక్కొక్కరూ అడుగులు పైకి లెక్కపెడుతూ నడవాలి, చేరాక రాతిమీద చెయ్యి ఆనించాలి. ఆవిడ పద్ధతి అది.

"రాయిని చూడ్డానికి ఊరేగింపా టీచరమ్మా? మా పందులపాక చుట్టూ బోలెడున్నాయి, రండి చూపిస్తా" అన్నాడు జెల్యాజ్కో. క్లాసంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వులు వింటూనే ఏటికి పోయి గాలం వేశాడు. ఒక్క చేపా పడలేదు.

మరుసటేడు, ఊరి పొలాలన్నీ కలిపేసుకున్న సహకార క్షేత్రం ట్రాక్టరు ఆ రాయిని పెకలించి ఏ వాగులోనో పారేసింది. ఏడో తరగతితో జెల్యాజ్కో చదువూ ముగిసింది.

ముప్పై ఏళ్లకి ప్రభుత్వం మారింది. ఎవరి తాతల పొలాలు వాళ్లకిస్తాం, పాత హద్దులు చూపించుకోండన్నారు. జెల్యాజ్కో తాత కాగితంలో "దిబ్బ మొదలు రాతల రాయి వరకు" అని ఉంది. రాయి అవతలి పొలం రాంగెల్ తాతది. ఆ రాంగెల్ నాలుగో తరగతిలో జెల్యాజ్కో పక్క బల్లవాడే.

"తొంభై అడుగులు. నా కాళ్లతో లెక్కపెట్టాను" అన్నాడు రాంగెల్, కొలతల అధికారి ముందు.

"పిల్లకాళ్లతో లెక్కపెట్టి, పెద్ద నోటితో చెప్తున్నావా?" అన్నాడు జెల్యాజ్కో.

"మరి నీ లెక్కెంతో చెప్పరా! చేపల్ని అడిగొస్తావా?"

చేతికర్ర ఆనించుకుని వచ్చిన టీచరమ్మని జెల్యాజ్కోయే అడిగాడు. "మీరైనా చెప్పండి టీచరమ్మా. ఎన్ని?"

"నూరు దాటిందో, దాటలేదో... పిల్లలకి గుర్తుంటుందిలే అని నేను రాసుకోలేదురా. నువ్వూ లెక్కపెట్టే ఉంటావుగా జెల్యో? అందరిచేతా చెయ్యి పెట్టించాను."

"నేను రాలేదు టీచరమ్మా."

ఆవిడ కళ్లు చికిలించి అతని మొహంలోకి చూసింది. "రాలేదా? ఎంచేత నాయనా?"

మిగతా పిల్లల్లో కొందరు ఎక్కడెక్కడో పట్నాల్లో ఉన్నారు, కొందరు పోయారు. రాంగెల్ అబద్ధమాడాడని జెల్యాజ్కో ఈనాటికీ సారా కొట్లో కూర్చుని తిడతాడు గానీ, ఆడాడో లేదో అతనికే తెలీదు. తిట్టినంతసేపూ లోపల గుచ్చేది అదే.

కొలతల అధికారి తొంభై దగ్గరే మేకు దిగ్గొట్టాడు. డెకారంటే వెయ్యి చదరపు మీటర్లు; మన పొలం ఇరవై డెకార్లని తాత చెప్పేవాడు. చేతికొచ్చింది పదమూడు డెకార్ల ఏడువందల అరవై చదరపు మీటర్లు. పోయింది ఆరు డెకార్ల రెండువందల నలభై.