అత్తగారి నుదుటిపట్టీ

నీటికాసులు ముదిరి చూపు పోయినా అత్తగారు కుట్టుపని మానలేదు. బట్టను వేళ్లతో తడిమి, కుట్టు ఎక్కడ వంకర పోయిందో ఇట్టే చెప్పేసేవారు. నాలుగేళ్లుగా రోజూ కోడలే చెయ్యి పట్టుకుని ఆవిడ కుట్టు దుకాణంలో దింపేది. ఇప్పుడు కోడలికి ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. పొద్దున ఏడింటికల్లా అక్కడ ఉండాలి.

అంధుల శిక్షణ కేంద్రం వాళ్లు ఒక బెల్టు ఇచ్చారు. ఎటు తిరగాలో ఆ వైపు నడుము దగ్గర వణుకుతుంది. ఎదురుగా ఏదైనా అడ్డొస్తే పొట్ట మీద వణుకుతుంది.

"దారి బాగానే చెబుతోంది గానీ, దీన్ని కుట్టినవాడికి సూది పట్టుకోవడం రాదే," అన్నారు అత్తగారు.

నెల్లాళ్లు సాధన చేశాక, బెల్టు కట్టుకుని, కర్ర పట్టుకుని ఒంటరిగా బయల్దేరారు. రోడ్డు మీద తవ్విన గుంతను బెల్టు చక్కగా తప్పించింది. ఆవిడ గుండె దూదిపింజలా తేలిపోయింది. పది అడుగులు వేశారో లేదో, నుదురు ఠంగుమంది. వీధిలోకి తెరిచి ఉన్న ఇనప కిటికీ రెక్క!

సాయంత్రం ఉసిరికాయంత బొప్పి చూసి కోడలు బావురుమంది. "ఉద్యోగం మానేస్తానత్తయ్యా."

"బొప్పి నాది, ఏడుపు నీదా? ఉద్యోగం మానితే ఊరుకోను. సెలవు రోజున నన్ను ఆ కేంద్రానికి తీసుకెళ్లు, చాలు."

కేంద్రంలో ఇంజనీరమ్మాయి నసిగింది. "తల ఎత్తులో ఉన్నవి దీనికి తెలియవండీ. కాగితం మీద రాసిచ్చాం కదా."

"గుడ్డిదానికి రాసిచ్చావా తల్లీ?"

ఆ పిల్ల నాలిక కరుచుకుంది. తల ఎత్తులో ఏదైనా అడ్డొస్తే నుదుటి మీద వణికే సెన్సరు ఒకటి చేశామనీ, నడుస్తుంటే జారిపోతోందని పక్కన పడేశామనీ చెప్పింది.

"జారిందంటే కుట్టు చేతకాకే. ఇటివ్వు."

అత్తగారు రెండు రోజులు మిషను ముందు కూర్చున్నారు. మొదటి పట్టీ తలను నొక్కేసింది. రెండోది కనుబొమల మీదికి దిగింది. మూడోది మెత్తటి నూలుబట్టతో, వెనక సాగే నాడాతో, సెన్సరుకు బొటనవేలంత జేబుతో కుదురుగా కూర్చుంది. ఇంజనీరమ్మాయి వచ్చి దాన్ని బెల్టుకు కలిపింది. కోడలు అత్తగారి మొహానికి ఎదురుగా ఒక పళ్లెం పట్టుకుంది.

"తియ్యవే, నుదురు జిలపెడుతోంది!" అని అత్తగారు నవ్వేశారు.

ఆ సోమవారం ఆవిడ ఒంటరిగానే దుకాణం చేరారు. కోడలు ల్యాబులోనే ఉండి, పదిసార్లు ఫోను చేసింది. పదకొండోసారి మోగితే అత్తగారు విసుక్కుంటూ ఎత్తారు. తీరా అది ఇంజనీరమ్మాయి. ఇంకో ఆరుగురు ఆ పట్టీ కావాలంటున్నారట, తల కొలతలు చెప్పమంటారా అని అడిగింది.

"ఫోనులో కొలతలేమిటమ్మా? మనుషుల్ని పంపు," అంటూ అత్తగారు టేపు కోసం సొరుగు తడిమారు.